‘అనిపించింది’ అంటాం సరే, అనిపించింది ఎవరు?

(ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో గుంటూరులోని ఒక క్రైస్తవ సంఘ కుటుంబ కూడికలో, బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన ఒక సంఘ పెద్ద చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి ప్రత్యేకంగా వందనాలు. వెనక తలుపు దగ్గర నిలబడిన వారు లోపలికి రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మిర్చి యార్డు వైపు నుంచి వచ్చిన వారు ఇంకా తుమ్ముతున్నారు. తుమ్మండి, ఫర్వాలేదు. మార్చి నెలలో గుంటూరులో తుమ్మకుండా ప్రసంగం వినడం ఎవరి వల్లా కాదు.

నేను దైవసేవకుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేశాను. అప్పులిచ్చాను, వసూలు చేశాను, వసూలు కానివాటికి సంజాయిషీలు రాశాను. కాబట్టి నా మాటల్లో బైబిలు వాక్యం కంటే వడ్డీ ఎక్కువ వినిపిస్తే క్షమించండి.

‘మనోభావాలను కాదు, దేవుని జ్ఞానాన్ని అనుసరించడం’ అనే అంశం మీద మాట్లాడమని అయ్యగారు ఫోను చేసినప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. స్పీకరులో విన్నది. విని నవ్వింది. ఆ నవ్వుకు కారణం చెప్పకుండా ఈ ప్రసంగం మొదలుపెట్టడం కుదరదు.

పద్నాలుగేళ్ల క్రితం సంగతి. నాతో పాటు ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. వ్యాపారానికి అప్పు తీసుకుంటూ, హామీ సంతకం కోసం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. భార్యనూ, నాలుగేళ్ల పాపనూ వెంటబెట్టుకొని వచ్చాడు. కాఫీలు అయ్యాయి. కాగితాలు సంచిలో ఉన్నాయని నాకు కనిపిస్తూనే ఉంది, కానీ గంట సేపు ఎవరమూ వాటి మాట ఎత్తలేదు. పాత మాస్టర్ల గురించి, పోయిన వాళ్ల గురించి మాట్లాడుకున్నాం. పాప వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఆ తరువాత ఆయన సంచి విప్పాడు.

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. “ఏమండీ, సంతకం వద్దు. మన దగ్గర యాభై వేలు ఉన్నాయి, అవి ఇచ్చేద్దాం. తిరిగి ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు. సంతకం మాత్రం పెట్టకండి” అన్నది. నేను ఏమన్నానో వినండి. “నీకు తెలియదు. నేను ప్రార్థన చేశాను. పెట్టవచ్చని నా మనసుకు సమాధానంగా అనిపించింది” అన్నాను.

ఎప్పుడు చేశాను ప్రార్థన? చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు, పంపు దగ్గర. అర నిమిషం.

సంతకం పెట్టాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్న వాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే బాధ్యత అని దాని సారాంశం. సగం కాదు, పావు కాదు, అంతా. ఈ సంగతి నేను నా బల్ల ముందు కూర్చున్న వందల మందికి వివరించి, ఆ తరువాతే వారి చేత సంతకాలు పెట్టించాను. అదే చేత్తో నేనూ పెట్టాను. రెండేళ్లకు వాయిదాలు ఆగిపోయాయి. నోటీసు నా పేరున వచ్చింది. పిల్ల పెళ్లికని దాచిన డిపాజిట్లు కదిలాయి. మా ఆవిడ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ సాయంత్రం నాకు అలా అనిపించడానికి కారణమేమిటో స్పష్టంగా తెలుస్తుంది. ఒళ్లో పాప ఉంది. వాళ్ల అమ్మ కళ్లలో నీళ్లు ఉన్నాయి. కాదంటే రేపు ఆదివారం గుడిలో ఏ ముఖం పెట్టుకొని ఎదురుపడాలి అనే బెంగ ఉంది. మొత్తం కలిపి దాని పేరు మొహమాటం. మనం కోపం గురించి, కామం గురించి, భయం గురించి బోలెడు ప్రసంగాలు విన్నాం. మొహమాటం గురించి ఎవరూ చెప్పరు. నా ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో చూసినంతవరకు, మన జిల్లాలో కోపం కంటే మొహమాటమే ఎక్కువ ఇళ్లు అమ్మించింది.

ఆ మొహమాటానికి నేను తెల్లబట్టలు కట్టి, ‘సమాధానం’, అంటే దేవుడిచ్చే మనశ్శాంతి, అని పేరు పెట్టి, సంఘంలోకి తీసుకొచ్చాను.

తెలుగులో ‘అనిపించింది’ అనే మాట చిత్రమైనది. తెలుగు మాస్టర్లు ఎవరైనా ఉంటే నన్ను సరిదిద్దండి. ‘తినిపించింది’ అంటే ఎవరో ఎవరికో తినిపించారు. ‘రాయించింది’ అంటే ఎవరో ఎవరి చేతనో రాయించారు. మరి ‘అనిపించింది’ అంటే? ఎవరు అనిపించారు? ఆ వాక్యంలో కర్త కనపడడు. ఆ ఖాళీ కుర్చీలో మనం చటుక్కున దేవుణ్ణి కూర్చోబెట్టేస్తాం. నిజానికి అక్కడ ఉండేది ఒక్కోసారి నిద్రలేమి, ఒక్కోసారి పక్కింటి వారి కొత్త కారు, ఒక్కోసారి ఒళ్లో పాప.

ఈ మధ్య పెళ్లి సంబంధాల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వింటున్నాను. “ప్రార్థన చేశామండీ, ఈ సంబంధం మీద సమాధానం రాలేదు.” అవతల అమ్మాయి తండ్రి నోరు మూసుకొని వెళ్లిపోతాడు. దేవుడి మాట మీద ఆయన ఏమి వాదిస్తాడు? అసలు రానిది సమాధానం కాదు, కట్నం. లేదా వచ్చింది వాళ్ల కులం సంగతి. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గుపడి, దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటాం. యెహోవా నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదనే ఆజ్ఞ తిట్లకు మాత్రమే వర్తిస్తుందని మనం ఎందుకు అనుకున్నామో నాకు తెలియదు.

సరే, వాక్యంలోకి వెళదాం. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తీయండి.

అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోమాకు వెళుతున్నాడు. అది ఇటలీకి వెళ్లే అలెక్సంద్రియ ఓడ, గోధుమలు ఉన్నాయి, 276 మంది మనుషులు ఉన్నారు. క్రేతు ద్వీపంలో మంచిరేవులు అనే చోట ఆగారు. ఉపవాస దినం కూడా గడిచిపోయింది, ప్రయాణం అపాయకరం అని ఈ గ్రంథం రాసిన లూకా అంటున్నాడు. ఆ ఉపవాసం అంటే ప్రాయశ్చిత్త దినం. మన లెక్కలో దసరా రోజులకు అటూ ఇటూ పడుతుంది. ఆ తరువాత మధ్యధరా సముద్రంలో ఓడలు నడపడం ప్రాణాలతో చెలగాటం. మన నిజాంపట్నం, సూర్యలంక వారికి అక్టోబరు, నవంబరు నెలలు ఎటువంటివో అటువంటి కాలం అది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తున్న పెద్దలు ఈ కూడికలోనే ఉన్నారు, వారికి నేను చెప్పనక్కరలేదు.

పౌలు లేచి, ‘అయ్యలారా, ఈ ప్రయాణంలో చాలా నష్టం కలుగుతుందని నాకు తోస్తోంది’ అన్నాడు. ఇక్కడ కాస్త ఆగండి. దేవదూత వచ్చి పౌలుతో మాట్లాడింది ఎప్పుడు? తరువాత, తుపాను మధ్యలో, 23వ వచనంలో. ఈ మొదటి హెచ్చరిక వెనక దర్శనం ఉన్నట్టు లూకా ఎక్కడా రాయలేదు. మరి ఏముంది? క్యాలెండరు ఉంది. అనుభవం ఉంది. ఈ ప్రయాణానికి ముందే కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో, ముమ్మారు ఓడ పగిలి శ్రమపడ్డాననీ, ఒక రాత్రీ పగలూ సముద్రంలో గడిపాననీ పౌలు చెప్పుకున్నాడు. అంటే ఆ ఓడలో నీళ్లు మింగిన అనుభవం ఉన్న మనిషి మాట్లాడుతున్నాడు. దేవుని జ్ఞానం అనగానే మనం ఆకాశం వైపు చూస్తాం. ఆ రోజు అది ఏ నెలో గుర్తుపెట్టుకున్న మనిషి నోట్లోంచి వచ్చింది.

ఖైదీలను తీసుకెళుతున్న శతాధిపతి ఎవరి మాట విన్నాడు? నావికుడి మాట, ఓడ యజమాని మాట. నేను ఆయన్ని తప్పుపట్టను. ఖైదీ చెప్పేదానికంటే ఓడ నడిపేవాడు చెప్పేది నమ్మడం సహజం. పైగా అక్కడ ఎక్కువ మంది వెళదామనే అన్నారు. ఆ రేవు చలికాలం గడపడానికి అనుకూలంగా లేదట. ఫీనిక్సు అనే ఇంకో రేవు, అదే ద్వీపంలో, ఇంకొంచెం ముందుకు వెళితే చాలు. కొంచెమే కదా! అప్పుడు 13వ వచనం. ఇది నాకు బైబిలులో అన్నిటికంటే భయం పుట్టించే వచనాల్లో ఒకటి. “దక్షిణపు గాలి మెల్లగా విసరుచుండగా వారు తమ ఆలోచన సమకూడినదని తలంచి, లంగరెత్తి...”

మెల్లని గాలి. దక్షిణపు గాలి. చల్లగా, హాయిగా ముఖానికి తగిలింది. చూశారా, పౌలు అనవసరంగా భయపెట్టాడు, దేవుడే దారి తెరిచాడు అని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ ఓడలో క్రైస్తవులు ఎక్కువ మంది ఉండి ఉంటే సాక్ష్యం కూడా చెప్పేవారు.

తరువాతి వచనంలోనే ఊరకులోను అనే పెనుగాలి వచ్చింది. ఓడ గాలికి ఎదురు నిలవలేక కొట్టుకుపోయింది. పద్నాలుగు రాత్రులు. సరుకు పారబోశారు, ఓడ సామగ్రి పారబోశారు, చివరకు గోధుమలు కూడా సముద్రంలో పోశారు.

దక్షిణపు గాలి అబద్ధం కాదు. అది నిజంగానే వీచింది, నిజంగానే హాయిగా ఉంది. మన మనసుకు కలిగే తేలిక కూడా అంతే, అది నిజమైన తేలికే. కానీ అది గాలి. ఆ గంటలో ఎటు వీస్తున్నదో చెబుతుంది తప్ప, కాలం ఏమిటో చెప్పదు. సంతకం పెట్టిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఆ మాట కూడా మీకు చెప్పాలి.

ఈ దక్షిణపు గాలి మన ఊళ్లో ఎక్కడ వీస్తుందో తెలుసా? కోల్డ్ స్టోరేజీల్లో. నాకు తెలిసిన విశ్వాసి ఒకాయన, మిర్చి పంట ఆగి అమ్మితే రేటు పెరుగుతుందని ప్రేరేపణ కలిగిందని బస్తాలన్నీ లోపల పెట్టాడు. అంతకు ముందు మంచి ధరలు చూసిన కళ్లు అవి. ఇంట్లో వాళ్లు సగం అమ్మి అప్పు తీర్చమన్నారు. వినలేదు. 2025 ఫిబ్రవరికి ధరలు ఎంత పడిపోయాయంటే, కేంద్రం జోక్యం చేసుకొని క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. ధర పడిపోవడం ఆయన పాపం కాదు. ధర ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ ఆశకు ప్రేరేపణ అని పేరు పెట్టినందువల్ల ఇంట్లో వాళ్లు నోరెత్తలేకపోయారు చూడండి, అది ఆయన పాపం.

అసలు దేవుని జ్ఞానాన్ని ఎలా గుర్తుపట్టాలి అంటే, నాకు ఈ మధ్య పట్టుకొమ్మగా దొరికిన మాట యాకోబు 3:17లో ఉంది. పైనుండి వచ్చు జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది అని చెబుతూ, “సులభముగా లోబడునది” అంటాడు. ఎంత ఆశ్చర్యం! పైనుంచి వచ్చింది కదా, ఎవరికీ తలవంచనిది అనాలి. కాదు, లోబడుతుంది అంటున్నాడు. ఎవరైనా ప్రశ్నిస్తే కూర్చొని వింటుంది. ‘అన్నయ్యా, ఇలా కూడా ఆలోచించారా’ అంటే, ‘లేదే, చెప్పు’ అంటుంది. నా ‘అనిపించింది’ అలా లేదు. మా ఆవిడ నోరు మూయించడానికే నేను దాన్ని వాడాను. సంభాషణకు తలుపు వేసేసింది అంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో మళ్లీ చూసుకోవాలి.

వాక్యం తెలియక నేను సంతకం పెట్టలేదు, అది ఇంకా సిగ్గుచేటు. నా స్నేహితుడు ఆ సాయంత్రం “నిన్ను అడుగువానికిమ్ము” అనే మత్తయి 5:42 వచనం చెప్పాడు. నాకు అది దేవుని స్వరంలా వినిపించింది. కొత్త సంవత్సరం రాత్రి డబ్బాలో చెయ్యి పెట్టి, బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసినప్పుడు ఎలా ఒళ్లు జలదరిస్తుందో, అలా జలదరించింది. కానీ పూటపడటం, అంటే హామీ ఉండటం గురించి సామెతల గ్రంథం ఎంత కరుకుగా మాట్లాడుతుందో ఆ క్షణం నాకు గుర్తుకు రాలేదు. గుర్తు చేసుకోదలచలేదు అంటే ఇంకా నిజం. స్నేహితుడి కోసం పూటపడితే, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో, కంటికి నిద్ర రానీయకు అంటుంది 6వ అధ్యాయం. 22వ అధ్యాయం అయితే, చెల్లించడానికి ఏమీ లేకపోతే నీ కింద ఉన్న పరుపు లాక్కుపోతారు అంటుంది. మూడు వేల ఏళ్ల నాటి జప్తు నోటీసు అది! మా బ్యాంకు వాళ్లు పరుపుల దాకా రాలేదు, అంతవరకు దేవునికి స్తోత్రం.

మరి మత్తయికీ సామెతలకూ పేచీ ఉందా? లేదు. ఇవ్వడం వేరు, పూటపడటం వేరు. ఇచ్చేవాడు ఉన్నదాంట్లోంచి ఇస్తాడు. పూటపడేవాడు లేనిదాన్ని, రేపటిదాన్ని, భార్యాపిల్లలదాన్ని మాట ఇస్తాడు. మా ఆవిడ వంటింట్లో చెప్పింది సరిగ్గా ఇదే. యాభై వేలు ఇచ్చేద్దాం, సంతకం వద్దు. రెండు వచనాలూ ఆమె ఒక్క మాటలో పాటించింది, అదీ పోపు మాడిపోకుండా చూసుకుంటూ.

అబీగయీలు గుర్తుకు వస్తుంది నాకు. మొదటి సమూయేలు 25. ఆ కథ ఎక్కడ ఉందో గమనించండి. 24వ అధ్యాయంలో గుహలో సౌలు దొరికితే దావీదు చంపలేదు. 26వ అధ్యాయంలో నిద్రపోతున్న సౌలు దొరికితే మళ్లీ చంపలేదు. మధ్యలో ఈ అధ్యాయం. రాజును రెండుసార్లు వదిలిపెట్టిన మనిషి, ఒక గొర్రెల ఆసామి మాట పడలేక నాలుగు వందల మందికి కత్తులు కట్టించాడు. 25వ అధ్యాయం మొదటి వాక్యం ఏమిటి? సమూయేలు చనిపోయాడు. తనను అభిషేకించిన పెద్దాయన పోయాడు. దుఃఖం ఉంది, అరణ్యంలో ఆకలి ఉంది, వెంట ఉన్న మనుషులకు తిండి పెట్టాలి. అప్పుడు మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు ఉన్న నాబాలు, బొచ్చు కత్తిరించే పండుగ రోజున, ‘దావీదు ఎవడు?’ అన్నాడు. పెద్ద శోధనకు సిద్ధంగా ఉన్న మనిషి చిన్న మాటకు కూలిపోతాడు. మనమూ అంతే. ఆసుపత్రిలో నెల రోజులు నిబ్బరంగా నిలబడతాం, ఇంటికి వచ్చి కూరలో ఉప్పు లేదని గిన్నె విసిరేస్తాం.

దావీదు కోపం అన్యాయమైనది కాదు. ఆ మందలను ఆయన మనుషులు ప్రాకారంలా కాపాడారు. కోపానికి కారణం ఉంది. ఉన్న కారణమే మనిషిని ముంచుతుంది. కారణం లేని కోపం రెండు నిమిషాల్లో తనంతట తానే చల్లారుతుంది.

నాబాలు భార్య అబీగయీలు ఏమి చేసింది? ప్రసంగం చేయలేదు. ముందు రెండు వందల రొట్టెలు, వండిన అయిదు గొర్రెల మాంసం, వేచిన ధాన్యం, ద్రాక్ష గెలలు, అంజూరపు అడలు గాడిదల మీద వేయించింది. ఆకలిగా ఉన్నవాడికి తిండి ముందు పంపి, మాట తరువాత చెప్పింది. చెప్పిన మాట కూడా ఎంత నేర్పుగా ఉందో చూడండి. ‘నీ కోపం తప్పు’ అనలేదు. రేపు నీవు రాజువైనప్పుడు, ఈ రక్తం నీ మనసులో ముల్లులా ఉండకూడదు అన్న అర్థంలో చెప్పింది. ఈ రోజు కోపంలో ఉన్నవాడికి, పదేళ్ల తరువాతి తననే తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. ఇంటికి వెళ్లాక నాబాలు తాగి మత్తులో ఉంటే, తెల్లారే దాకా ఒక్క మాట కూడా చెప్పలేదు. ఏమి చెప్పాలో తెలిసినవారు చాలామంది ఉంటారు. ఎప్పుడు చెప్పకూడదో తెలిసినవారు తక్కువ.

నాలుగు వందల మంది కత్తులు కట్టుకోవాలంటే కొంత సేపు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే అబీగయీలు బయలుదేరగలిగింది. మనకు ఆ వ్యవధి కూడా లేదు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో బొటనవేలు చాలు. తోడికోడలు పెట్టిన ఒక సందేశానికి రాత్రి పదకొండింటికి జవాబు రాసి, మూడేళ్లు మాటలు లేకుండా ఉన్న రెండు ఇళ్లు నాకు తెలుసు. పేర్లు చెప్పను, వారు ఇక్కడే ఉన్నారు. (నవ్వులు)

ఇంత చెప్పానని మనోభావాలన్నీ సాతానువి అనుకొని ఇంటికి వెళ్లకండి. అది ఇంకో ప్రమాదం. ఎద్దులు లేకపోతే బండి కదలదు. ఏడవలేనివాడు ప్రార్థన కూడా సరిగా చేయలేడు. యేసు ప్రభువు సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ‘నాకేమీ బాధ లేదు, తండ్రి చిత్తం కదా’ అనలేదు. ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని శిష్యులతో చెప్పాడు. శ్రమ అనే ఈ గిన్నె తొలగించమని అడిగాడు. అడిగిన తరువాత లేచి నడిచాడు. శ్రమల దినాల్లో ఉన్నాం కాబట్టి ఆ తోటలో కాస్త ఎక్కువ సేపు కూర్చోండి. అక్కడ ఆయన దుఃఖాన్ని దాచలేదు, పగ్గం దాని చేతికి ఇవ్వలేదు.

ఏలీయా ప్రవక్త సంగతి కూడా చెప్పి ముగిస్తాను. బదరీ వృక్షం కింద పడుకొని, ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవుడు ఆయనకు మందలింపు పంపలేదు. రొట్టె పంపాడు, నీళ్లు పంపాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. మాటలు తరువాత, నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక. పోయిన నెలలో ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. కూతురికి కాన్పు అయిన దగ్గర నుంచి నిద్ర లేదు, ఊరికే ఏడుస్తోంది, చచ్చిపోవాలని ఉందంటోంది. ఎవరో విశ్వాసం తక్కువైంది, ఉపవాసం ఉండమన్నారట. బాలింతను! నేను ఆమెకు చెప్పింది ఒకటే, ఈ రోజే డాక్టరుకు చూపించమ్మా, ప్రార్థన ఆటోలో చేసుకోవచ్చు అని.

ఈ మాట గుంటూరులో చెప్పాల్సి రావడం వింతగా ఉంది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు సువార్తతో వచ్చిన ఊరు ఇది. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి వచ్చిన ఊరు. పంపిన బోర్డు వైద్య పని మొదలుపెట్టడానికి అప్పటికి సిద్ధంగా లేదు, ఆమెను స్త్రీల మధ్య బోధించే పనికి పంపారు. ఆమె అలిగి వెనక్కి వెళ్లలేదు, ఇచ్చిన పని మానలేదు. ఆ పని చేస్తూనే రోగులను చూశారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. పదిహేనేళ్లు. నిలువెల్లా మండే ఆసక్తి పదిహేనేళ్లు నిలవదు, పదిహేను వారాలకే బూడిదవుతుంది. ఆవిడ దగ్గర ఇంకేదో ఉంది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ ఆసుపత్రి మంచాల మీదే పుట్టారు.

నేను ఇప్పుడు ఏమి చేస్తాను అని అడిగితే, పెద్ద విధానమేమీ లేదు. సంతకం, అమ్మకం, కోపంతో రాసిన ఉత్తరం, ఏదైనా ఒక రాత్రి దాటనిస్తాను. నాతో ఏకీభవించేవారి దగ్గరకు కాక, కాదనేవారి దగ్గరకు వెళ్లి అడుగుతాను. ఆ వ్యక్తి మా ఇంట్లోనే ఉండటం వల్ల ఆటో ఖర్చు కూడా లేదు. జ్ఞానం కొదువైతే అడగమన్నాడు యాకోబు, దేవుడు గద్దించకుండా ఇస్తాడన్నాడు. ఆ ‘గద్దింపక’ అనే మాట నాకు ఎంతో ధైర్యం. బ్యాంకులో అడిగితే గద్దిస్తారు.

ఒకటి రెండు ప్రశ్నలు ఉంటే అడగండి, టీ వస్తోంది.

(ఒక సోదరి: “అన్నగారూ, మనసు లేకుండా చేసే ప్రార్థన వేషధారణ కాదా?”)

మంచి ప్రశ్న అమ్మా. పొద్దున్నే నీకు లేవాలని ఉండి లేస్తావా, పిల్లలకు క్యారియరు కట్టడానికి? కట్టాలని లేకపోయినా కడతావు. అది వేషం అని నీ పిల్లలు ఎప్పుడైనా అన్నారా? లేని ఆనందాన్ని ఉన్నట్టు నటిస్తే వేషధారణ. ‘ప్రభువా, ఈ రోజు నాకు నీతో మాట్లాడాలని లేదు’ అని మోకాళ్ల మీద చెబితే అది ప్రార్థనే. కీర్తనకారుడు ‘నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు’ అని తన ప్రాణాన్ని తానే నిలదీశాడు. 42, 43 కీర్తనల్లో మూడుసార్లు. మొదటిసారికే కుదుటపడి ఉంటే మూడుసార్లు ఎందుకు అడుగుతాడు?

(ఒక యువకుడు: “అంకుల్, ఆ స్నేహితుడితో ఇప్పుడు మాట్లాడుతున్నారా?”)

ఇది అడుగుతారని భయపడుతూనే ఉన్నాను. ఏడేళ్లు మాట్లాడలేదు. ఆయన మోసగాడు కాదు, వ్యాపారం దెబ్బతింది, అంతే. అది నాకు తెలుసు. తెలిసినా ఆయన పేరు వింటే కడుపులో మండేది. క్షమించాలని అనిపించినప్పుడు క్షమిద్దాంలే అని ఆగాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా అనిపించలేదు బాబూ. తెనాలిలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డాడు. చిక్కిపోయాడు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకొని ముందుకు నెట్టింది. “భోజనం చేశావా?” అని అడిగాను. “ఇంకా లేదు” అన్నాడు. ఒకే బంతిలో కూర్చున్నాం. లోపల ఏమీ కరగలేదు, కన్నీళ్లేమీ రాలేదు. పప్పు వడ్డించారు, తిన్నాం.

నా ఒళ్లో కూర్చున్న పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. వాళ్ల అక్కకు బాబు పుట్టాడు, వచ్చే నెల అన్నప్రాశన ప్రార్థన, రమ్మని నా స్నేహితుడు మొన్న ఫోను చేశాడు. నాకు ఇప్పటికీ వెళ్లాలని లేదు. మా ఆవిడ మాత్రం నిన్ననే వెండి గిన్నె కొని బీరువాలో పెట్టింది.

టీ వచ్చేసినట్టుంది. ముందు పిల్లలకు ఇవ్వండి.